ఆర్మా వెళ్లకుండానే ఆర్మా వెంట

ఏప్రిల్ 27, 2024, శనివారం. డబ్లిన్

పొద్దున్నే పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మా ఇంటాయన (నాకు గది అద్దెకిచ్చిన ఓనరు) ఓ తెల్ల బంతిని నా కాళ్ల దగ్గరికి దొర్లించాడు. చూడ్డానికి వాలీబాల్‌లా ఉంది, కాస్త బరువు ఎక్కువ. వంగి చేత్తో తీసుకున్నాను. "ఫౌల్!" అని అరిచాడు డెబ్బై నాలుగేళ్ల ఆ పెద్దాయన, వీధి చివరి దాకా వినిపించేలా.

ఐర్లండ్ వాళ్ల సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో నేల మీదున్న బంతిని నేరుగా చేత్తో ఎత్తకూడదట. బూటు కొన దాని కిందికి పోనిచ్చి, పైకి చిమ్మి పట్టుకోవాలి. పట్టుకున్నాక నాలుగడుగులే. ఆ తర్వాత ఒకసారి నేలకు కొట్టాలి, లేదా కాలి మీద వేసి మళ్లీ చేతికి తెచ్చుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకు కొట్టినా తప్పే. విసరకూడదు, పిడికిలితోనో అరచేత్తోనో కొట్టి ఇవ్వాలి. అరగంటలో నేను చేయని తప్పు లేదు. పక్కింటి పిల్లి తప్ప ఎవరూ చూడలేదు, అదొక్కటే అదృష్టం.

డ్రమ్‌కొండ్రాలో ఈ ఇంట్లో గది తీసుకుని ఏడాదిన్నర అయింది. క్రోక్ పార్క్ స్టేడియం ఇక్కడికి నడిచేంత దూరం. మ్యాచ్ రోజున మా వీధిలోకి కారు రానివ్వరు, నాకు దాని గురించి తెలిసిందల్లా అంతే. ఇంటాయన డబ్లిన్‌లో నలభై ఏళ్లు బస్సు నడిపాడు. అయినా ఆయన టీమ్ డబ్లిన్ కాదు. పుట్టింది సరిహద్దుకు అవతల, దక్షిణ ఆర్మాలో. ఇక్కడ నీ టీమ్ ఏదంటే నువ్వు పుట్టిన కౌంటీయే, అంటే మన జిల్లా లాంటిది. ఆటగాళ్లకూ అదే లెక్క. వేలం లేదు, జీతం లేదు. వారమంతా బళ్లో పాఠాలు చెప్పినవాడు, పొలం చూసుకున్నవాడు, ఆదివారం ఎనభై వేల మంది ముందు ఆడతాడు. సోమవారం మళ్లీ పనిలోకి వెళ్తాడు.

పాయింట్ల లెక్క (2024 నాటిది) కూడా ఇవాళే నేర్పించాడు. గోలు స్తంభాలు హెచ్ ఆకారంలో ఉంటాయి. అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, తెల్ల జెండా. కిందనుంచి వలలో పడితే గోలు, మూడు పాయింట్లు, పచ్చ జెండా. 2002 ఫైనల్లో ఆర్మా 1-12, కెర్రీ 0-14 (ముందు గోల్స్, తర్వాత పాయింట్లు) అని కాగితం మీద రాసిచ్చి "ఎవరు గెలిచారు?" అన్నాడు. కూడి చూస్తే పదిహేను, పద్నాలుగు. "ఆర్మా," అన్నాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆర్మా మొత్తం చరిత్రలో గెలిచిన ఆల్ ఐర్లండ్ ట్రోఫీ అదొక్కటే, అదీ ఒక్క పాయింటుతో. ఆ రోజు కెప్టెన్ కీరన్ మెగీనీయే ఇప్పుడు మేనేజరు. పదేళ్లుగా ఆయనే. చేతికి పెద్ద కప్పు ఒక్కటీ రాలేదు.

సాయంత్రం ఆర్మా డౌన్ కౌంటీని ఓడించింది. ఇక అల్‌స్టర్ ప్రావిన్స్ ఫైనల్. "వస్తావా?" అన్నాడు.

మే 12, ఆదివారం. క్లోన్స్

ఇక్కడే నా గొడవ మొదలైంది.

ఆర్మా ఉన్నది ఉత్తర ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ కింద. ఈ ఆటను నడిపే గేలిక్ సంఘానికి ఆ తేడా లేదు. 1884లో పుట్టినప్పుడు ద్వీపమంతా ఒకటే. 1921లో గీత గీశాక కూడా వాళ్లు ముప్పై రెండు కౌంటీల లెక్కనే పట్టుకున్నారు. జనానికీ ఆ గీత పట్టదు. గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. కానీ నాది భారత పాస్‌పోర్టు, ఐర్లండ్ పర్మిట్. గీత దాటాలంటే విడిగా బ్రిటన్ వీసా ఉండాలి. ఆపేవాళ్లు ఉండరు, దొరికితే మాత్రం ఇక్కడి ఉద్యోగం, పర్మిట్ అన్నీ చిక్కులో పడతాయి. ఇదంతా చెబితే ఇంటాయన నమ్మలేదు. "మా చెల్లెలింటికి వెళ్లడానికి నీకు వీసానా?" అన్నాడు.

ఫైనల్ జరిగే క్లోన్స్ అదృష్టవశాత్తూ ఇటువైపే, మోనహన్ కౌంటీలో ఉంది. కానీ గీతకు ఆనుకుని. ఆయన మామూలుగా కవన్ మీదుగా వెళ్తాడట. మ్యాప్ చూస్తే నాకు చెమట పట్టింది. కవన్ నుంచి క్లోన్స్ వెళ్లే రోడ్డు పాములా మెలికలు తిరుగుతూ కొద్ది మైళ్లలోనే సరిహద్దును అటూ ఇటూ పలుమార్లు దాటుతుంది. నా కోసం ఆయన దారి మార్చాడు. ఆర్డీ, కారిక్‌మాక్రాస్, కాజిల్‌బ్లేనీ, మోనహన్, అక్కణ్నుంచి క్లోన్స్. కాజిల్‌బ్లేనీ దాటుతుండగా కారు నెమ్మదించి కుడిపక్క గుట్టలు చూపించాడు. "మా ఊరు వాటి వెనకే." నేను కిటికీలోంచి చూశాను. ఇటువైపు గడ్డీ అటువైపు గడ్డీ ఒకే పచ్చ.

ఊరి పేరు రాయడం ఒకలా, పలకడం ఒకలా. స్థానికులు 'క్లోనిస్' అంటారు. కొండ మీద చిన్న ఊరు, నిట్టనిలువు వీధులు. మామూలు రోజుల్లో నిద్రపోతూ ఉంటుందట. ఇవాళ ముప్పై వేలకు కాస్త తక్కువ జనం. ఆర్మా నారింజ రంగు, డొనెగాల్ పసుపు, పచ్చ. రెండు పక్షాలూ ఒకే పబ్బు ముందు, ఒకే గోడకు ఆనుకుని నిలబడ్డాయి. విడివిడి గేట్లు లేవు, మధ్యలో పోలీసు వరస లేదు. కారు డిక్కీ తెరిచి హామ్ శాండ్‌విచ్‌లు, ఫ్లాస్కులో టీ బయటికి తీశాడు. నేను తెచ్చిన పులిహోర డబ్బా కూడా తెరిచాను. పక్క కారులోని డొనెగాల్ ఆవిడ రెండు చెంచాలు తిని, మూడోసారి అడగకుండానే పెట్టించుకుంది. ఎండ కూడా మన ఎండలాగే కాసింది. రెండు రోజుల కిందటి రాత్రి ఐర్లండంతా ఆకాశం ఎర్రగా, గులాబీగా వెలిగింది, అరోరా. ఇంటాయన దాన్ని శకునం అన్నాడు. ఎవరికి మంచి శకునమో చెప్పలేదు.

మ్యాచ్ గురించి వివరంగా రాయాలనుంది, కానీ నాకు సగమే అర్థమైంది. డెబ్బై నిమిషాలకు సమానం. అదనపు సమయం ఇచ్చారు, మళ్లీ సమానం, 0-20, 0-20. ఇక పెనాల్టీలు. నా పక్కన ఉన్న నారింజ జెర్సీ మనిషి మైదానానికి వీపు తిప్పి నిలబడ్డాడు. ఎందుకో అప్పుడు తెలియదు. 2022లో గాల్వే చేతిలో, 2023లో డెర్రీ చేతిలో, మళ్లీ అదే ఏడు మోనహన్ చేతిలో ఆర్మా ఇలాగే పెనాల్టీల్లో పోయింది. నాలుగోసారి కూడా పోయింది, 6-5. చివరి పెనాల్టీ పోగొట్టుకున్న కుర్రాడి పేరు రాయబుద్ధి కావడం లేదు.

తిరుగు దారిలో కాజిల్‌బ్లేనీ దాకా ఇంటాయన ఒక్క మాట మాట్లాడలేదు. గుట్టల దగ్గర కూడా కారు నెమ్మదించలేదు.

మే నెలాఖరు, జూన్ మొదటి వారాలు. ఇంట్లో

ఓడినా ఛాంపియన్‌షిప్ అయిపోలేదు. 2024 పద్ధతిలో ప్రావిన్స్ పోటీల తర్వాత పదహారు జట్లు నాలుగు గ్రూపులుగా ఆడాయి. ఒక్కో గ్రూపులో మూడు జట్లు ముందుకు పోయాయి. నాలుగింట్లో ఒక్కదాన్ని తీసేయడానికి ఇంత తతంగమా అనిపించింది. ఇంటాయనా అదే తిట్టుకున్నాడు. వెస్ట్‌మీత్‌తో మ్యాచ్ ఆర్మాలో. డెర్రీతో మ్యాచ్ డెర్రీలో. రెండూ గీత అవతలే. టీవీలో చూశాను. డెర్రీని ఆర్మా మూడు గోల్స్ కొట్టి చితక్కొట్టింది. ఇంటాయన ఆ రెండిటికీ వెళ్లొచ్చాడు, వచ్చేటప్పుడు చెల్లెలు చేసిన యాపిల్ టార్ట్ తెచ్చాడు. ఆర్మాని తోటల కౌంటీ అంటారు, బ్రామ్లీ అనే పుల్ల యాపిల్స్‌కి పేరు. కాస్త చింతపండు పులుపు గుర్తొచ్చింది.

ఆ వారమే వీసా దరఖాస్తు తెరిచాను. 115 పౌండ్లు, బ్యాంకు కాగితాలు, ఆఫీసు లెటరు. 'ప్రయాణ కారణం' అన్న గడిలో ఏం రాయాలో తోచక మూసేశాను.

జూన్ మూడో వారాంతం. స్లైగో

ఆర్మా, గాల్వే. గ్రూపులో చివరి మ్యాచ్ తటస్థ మైదానంలో పెట్టాలన్నది అప్పటి నియమం. నా అదృష్టం, స్లైగోలో పెట్టారు. డబ్లిన్ నుంచి మూడు గంటలు, దారంతా ఇటువైపే. ఇంటాయన దీన్ని "నీ మ్యాచ్" అన్నాడు.

మార్కెవిచ్ పార్క్ అని పేరు. కాన్‌స్టన్స్ మార్కెవిచ్ ఈ కౌంటీలోనే పెరిగింది, 1918లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన మొదటి మహిళ, ఆ సీట్లో ఒక్కరోజూ కూర్చోలేదు. ఆడేచోటికి ఆటగాళ్ల పేరు కాకుండా ఇలాంటివాళ్ల పేరు పెట్టడం ఇక్కడ మామూలే. గాల్వే ముందుండి, చివరికి ఆర్మా అందుకుని సమం చేసింది. గ్రూపులో పైచేయి ఆర్మాది. దాంతో ఆర్మా నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి. గాల్వే మరో మ్యాచ్ ఆడి రావాలి. నేను వానలో పూర్తిగా తడిశాను. ఫోన్లో అమ్మ "ఒరేయ్ నాన్నా, గొడుగు పట్టుకోలేవా?" అంది. గొడుగు తెరిస్తే వెనకవాళ్లు తిడతారని చెబితే నవ్వింది.

జూన్ 29, శనివారం. క్రోక్ పార్క్

ఇంటి నుంచి నడిచి వెళ్లాం. కాలవ గట్టున, జోన్స్ రోడ్డున టోపీలు, కండువాలు అమ్మేవాళ్లు. "రంగులో, రంగులో" అన్నట్టు ఒకే రాగంలో అరుస్తారు, తెనాలి మార్కెట్లో అరటిపళ్ల బండి గొంతు. నారింజ కండువా కొనుక్కున్నాను. ఇంటాయన అలా చూశాడు, ఏమీ అనలేదు. కానీ నా మెళ్లో తనే సరిచేసి కట్టాడు.

ఒకే టికెట్ మీద రెండు మ్యాచ్‌లు. ఆర్మా రాస్‌కామన్‌ని 2-12, 0-12తో ఓడించింది, ఇబ్బంది లేకుండా. అసలు ఆట తర్వాతిది. డబ్లిన్ డిఫెండింగ్ ఛాంపియన్. గాల్వే ఒక్క పాయింటుతో దాన్ని ఇంటికి పంపింది, 0-17, 0-16. ఛాంపియన్‌షిప్‌లో డబ్లిన్ మీద గాల్వే గెలవడం 1934 తర్వాత ఇదే మొదలు. నా చుట్టూ నీలి జెర్సీలు రాళ్లలా కూర్చుండిపోయాయి. మా వీధిలో ఆ రాత్రి ఒక్క కిటికీలోంచీ పాట వినిపించలేదు. ఇంటాయన మాత్రం వంటింట్లో ఈల వేసుకున్నాడు. నలభై ఏళ్లు ఈ ఊళ్లో బస్సు నడిపినవాడు!

హోగన్ స్టాండ్‌లో కూర్చున్నాం. మైకేల్ హోగన్ టిప్పరరీ ఆటగాడు. 1920 నవంబర్ 21న మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు ఇదే మైదానంలోకి వచ్చి కాల్పులు జరిపాయి. పద్నాలుగు మంది పోయారు, వారిలో హోగన్ ఒకడు. ఇంటాయన ఇది చెప్పిన తీరులో బరువేమీ లేదు. పక్కసీటు పిల్లవాడికి చిప్స్ ఇస్తూ చెప్పాడు.

జూలై 13, శనివారం. సెమీఫైనల్

కెర్రీ. ఈ ఆటలో కెర్రీ అంటే క్రికెట్‌లో ఆస్ట్రేలియా అనుకోండి, అప్పటికి ముప్పై ఎనిమిది టైటిళ్లు. ఆర్మా సెమీస్‌కి రావడమే 2005 తర్వాత ఇప్పుడు. పొద్దున్నుంచీ ఇంటాయన టెన్షన్‌లో ఒకే కప్పు టీని మూడుసార్లు వేడి చేశాడు, తాగలేదు.

కెర్రీ ఒక దశలో బాగా ముందుకు పోయింది. ఇక అయిపోయిందనుకుంటుంటే ఆర్మా కొట్టిన బంతి ఒకటి అందక గోలు ముందే కిందికి దిగింది. కెర్రీ గోలీ చేతుల్లోంచి జారింది. డిఫెండర్ బ్యారీ మెకేంబ్రిడ్జ్ అక్కడేం పని మీద ఉన్నాడో తెలియదు, పిడికిలితో లోపలికి తోశాడు. పచ్చ జెండా. తెల్లకోటు వేసుకున్న అంపైరు ఆ జెండా ఎత్తేదాకా ఎవరూ నమ్మలేదు. డెబ్బై నిమిషాలకు సమానం.

అప్పుడు ఇంటాయన లేచాడు. "నేను బయట నిలబడతా. మళ్లీ పెనాల్టీలు చూడలేను," అన్నాడు. నిజంగానే మెట్లు దిగిపోయాడు. అదనపు సమయమంతా నేను ఒక్కడినే చూశాను, ప్రతి పాయింటుకీ ఆయనకు మెసేజ్ పెడుతూ. 1-18, 1-16. ఆర్మా ఫైనల్‌కి. కిందికి పరిగెత్తి వెళితే టీ కొట్టు దగ్గర గోడకు నుదురు ఆనించి ఉన్నాడు. ఫోను చూసుకోనేలేదు. "ఎంత?" అన్నాడు. చెప్పాను. నా భుజం పట్టుకుని, నేను కాదు ఆయనే పడిపోకుండా నిలదొక్కుకున్నాడు.

మర్నాడు గాల్వే డొనెగాల్‌ని దాటింది. ఆ రాత్రే వీసా దరఖాస్తు మళ్లీ తెరిచాను. 'ప్రయాణ కారణం' గడిలో "స్నేహితుడి ఊరు చూడటానికి" అని రాసి పంపించాను. ఫైనల్ తర్వాత ఊరేగింపుకు అందదని తెలుసు.

జూలై 28, ఆదివారం. ఫైనల్

టికెట్లు డబ్బు పెట్టినా దొరకవు. ఎక్కువ భాగం కౌంటీలకు, అక్కణ్నుంచి పల్లె క్లబ్బులకు పోతాయి. ఇంటాయన ఊరి క్లబ్బులో ఒకరికి ఆరోగ్యం బాగోక ఒక టికెట్ తిరిగొచ్చింది. దాన్ని ఎవరికివ్వాలో క్లబ్బువాళ్లు గంటసేపు మాట్లాడుకున్నారట. "పులిహోర అబ్బాయికి" అని తేల్చారు. క్లోన్స్‌లో తిన్నది డొనెగాల్ ఆవిడ కదా, వీళ్లకెలా తెలిసిందని అడిగితే "నేను చెప్పనా?" అన్నాడు.

నాది హిల్ 16, నిలబడి చూసే గుట్ట. 1916 తిరుగుబాటు శిథిలాలతో కట్టారని గర్వంగా చెబుతారు. నిజానికి అంతకు ముందే, 1915లోనే వేశారు, వేరే పేరుతో. ఆ మాట నా పక్కనున్న ఆర్మా కుర్రాళ్లకు చెప్పే ధైర్యం చేయలేదు. మైదానం సామర్థ్యం 82,300, ఒక్క ఖాళీ లేదు. ఒకవైపు నారింజ, ఒకవైపు గాల్వే మెరూన్. బ్యాండు ముందు నడుస్తుంటే రెండు జట్లూ వెనక వరసగా మైదానం చుట్టూ తిరిగాయి. ఐరిష్‌లో జాతీయ గీతం. చివరి లైను ఎవరూ పూర్తి చేయరు, అరుపుల్లో మునిగిపోతుంది.

గాల్వే ఫార్వర్డ్ రాబ్ ఫినర్టీ మొదట్లోనే గాయంతో బయటికి వెళ్లాడు. సగానికి ఆరు, ఆరు. నిజం చెప్పాలంటే అంత అందమైన ఆటేం కాదు. బంతి పోతుందేమోనని రెండు జట్లూ వెనక్కీ పక్కకీ ఇచ్చుకుంటూ ఉంటే నాకు విసుగొచ్చింది. రెండో సగంలో ఉన్నట్టుండి గోలు ముందు అడ్డంగా ఒక పాసు. అందుకున్నది ఆరన్ మెకే, ఫుల్ బ్యాక్! ఇంటి కాపలా చూడాల్సినవాడు ఎదురింట్లో దూరినట్టు. వలలో పడింది. హిల్ మొత్తం ఒక్కసారిగా కిందికి జారింది, నేనూ జారాను, నా చెప్పు ఒకటి అక్కడే పోయింది.

తర్వాత గాల్వే వదల్లేదు. పాల్ కాన్‌రాయ్ దూరం నుంచి కొడుతూనే ఉన్నాడు. చివర్లో ఒక బంతి స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది. ఆ చప్పుడు హిల్ మీద మాకు వినిపించిందని ఒట్టేసి చెబుతాను, ఎవరూ నమ్మరు.

1-11, 0-13. పద్నాలుగు, పదమూడు. మళ్లీ ఒక్క పాయింటే.

సంఘం అధ్యక్షుడు జార్లత్ బర్న్స్ కూడా ఆర్మావాడే, ఒకప్పటి కెప్టెన్. ఆయన కొడుకు ఈ జట్టులోనే ఉన్నాడు. కెప్టెన్ ఏడన్ ఫోర్కర్‌కు ఛాంపియన్‌షిప్ ట్రోఫీ శామ్ మగ్వైర్ కప్పు బర్న్స్ చేతుల మీదుగానే అందింది. కెప్టెన్‌గా, మేనేజర్‌గా రెండుసార్లు అందుకున్న మెగీనీ మొహంలో నవ్వు చూడటానికి చాలాసేపు పట్టింది.

ఒక కాలికి చెప్పుతో ఇంటికి నడిచాను. ఇంటాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనకు స్టాండ్‌లో టికెట్ ఉంది, చివరి పది నిమిషాలు మళ్లీ బయటికి వచ్చేశాడట. జేబులోంచి ఏప్రిల్ నాటి కాగితం తీశాడు. 2002 స్కోరు కింద కొత్త స్కోరు నన్నే రాయమన్నాడు.

మర్నాడు ఆయన ఆర్మా వెళ్లాడు. నేను ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వీడియోలు వచ్చాయి, అన్నీ కదిలిపోయి, వేలు అడ్డం పడి. ఒకదాన్లో కేవలం ఆకాశం, వెనక జనం పాడుతున్నారు.

సెప్టెంబర్ 21, శనివారం. గీత అవతల

వీసా వచ్చింది. డండాక్ దాటాక ఇంటాయన "ఇదే" అన్నాడు. ఏది? రోడ్డు అంచున పసుపు గీత తెల్లగా మారింది. వేగం బోర్డు కిలోమీటర్ల నుంచి మైళ్లలోకి వచ్చింది. ఫోన్‌కి బ్రిటన్ నెట్‌వర్కు స్వాగతం చెప్పింది. పాస్‌పోర్టు చేతిలోనే పట్టుకుని ఉన్నాను. అడగడానికి ఎవరూ లేరు, గడ్డి మేస్తున్న ఆవులు తప్ప.

ముందు ఆర్మా నగరం చూపించాడు. ఎదురెదురు రెండు గుట్టల మీద రెండు చర్చిలు, ఒకటి క్యాథలిక్కులది, ఒకటి ప్రొటెస్టెంట్లది. రెండింటి పేరూ సెయింట్ పాట్రిక్. తర్వాత ఆయన ఊరు. కాజిల్‌బ్లేనీ దగ్గర వెనక నుంచి చూసిన గుట్టల్ని ముందునుంచి చూశాను. వాళ్ల చెల్లెలు టార్ట్ పెట్టింది, పులిహోర ఎలా చేస్తారని అడిగింది. చింతపండు ఎక్కడ దొరుకుతుందో చెప్పి, డబ్లిన్ నుంచి పంపిస్తానన్నాను.

ఊరి మైదానంలో పదేళ్ల పిల్లలు నారింజ జెర్సీల్లో ఆడుతున్నారు. బంతి ఒకటి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. వంగి చేత్తో తీసి విసిరాను.

మైదానమంతా ఒక్క గొంతుతో అరిచింది. "ఫౌల్!"

ఇంటాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.